బోలు చప్పుడు

సారెమా దీవిలో మార్చి అంటే ఇంకా చలికాలమే.
జిగురు డబ్బాని పొయ్యి పక్కన పెట్టి
పసిబిడ్డ పాలసీసాలా వెచ్చచేస్తున్నాను.
మణికట్టు మీద చుక్క వేసి చూడను,
అంతే తేడా.

కిందటేడు పడవ నీళ్ళమీదే రెండయింది.
మూడో మలుపులో, ఏ బోయాకీ తగలకుండానే.
ఒడ్డున ఎవరూ ఏమీ అనలేదు.
నా చేతిలో రిమోట్ మాత్రం కాసేపు
ఆ లేని పడవని నడుపుతూనే ఉంది.

అచ్చుకి ఏడుసార్లు మైనం పట్టించాను.
ఏడోసారి మా అన్న కాల్యో వచ్చి
చూపుడువేలు ఒకసారి జార్చి చూసి
తలాడించాడు.
ముప్పై రెండేళ్ళు యాట్ల కార్ఖానాలో
గ్రైండర్ల మోత మధ్య నిలబడి
చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.

ముందు రంగు పొర. పసుపు.
మబ్బు పట్టిన సరస్సు మీద
అంత దూరంనుంచి కంటికానేది అదే.
దానిమీద గాజుబట్ట,
ముసుగంత పల్చన, ముట్టుకుంటే దురదగొండి.
జిగురు తాగగానే బట్ట మాయమవుతుంది.
ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ గాలి నక్కినట్టు.
బ్రష్షుతో పొడిచి పొడిచి
దాన్ని అంచుదాకా తరమాలి.
ఈలోగా గిన్నెలో జిగురు మనకోసం ఆగదు.
ఇరవై నిమిషాలు.
తర్వాత వేడెక్కి, పొగ కక్కి,
అలిగిన మనిషిలా బిగుసుకుపోతుంది.

"ఈసారి వెనకగోడకి నాలుగు పొరలు," అన్నాను.
కాల్యో నా పెదాలు చదివాడు.
విరిగిన పాత పడవ ముక్క తెచ్చి
బల్లమీద పెట్టాడు.
"నువ్వు గట్టిచేసిన చోట విరగలేదు, హెల్డుర్.
దాని పక్కన విరిగింది.
చూడు, నీ మాసికకి వేలెడు దూరంలో."

చూశాను. గీత గీసినట్టుంది.

అందుకని మొదటి ముక్క అరచేయంత,
రెండోది వేలెడు తక్కువ,
మూడోది ఇంకొంచెం తక్కువ,
మెట్లు దిగినట్టు.
బలం ఎక్కడ ఆగిపోయిందో
పడవకి తెలియకూడదట.
నాలుగోది వెయ్యనివ్వలేదు.
వెన్ను పొడుగునా నల్లటి కార్బన్ పట్టీ,
మోటారు కింద బిర్చ్ ప్లైవుడ్ పట్టాలు,
మూలల్లో గాజుపొడి కలిపిన ముద్ద,
చెంచా వీపుతో నున్నగా.

మూడో రోజు పటుక్కున అచ్చు విడిచింది.
తూస్తే మూడువందల డెబ్బై గ్రాములు,
ఓ రై రొట్టె బరువు లేదు.

యాభై సెంట్ల నాణెంతో తట్టుకుంటూ పోయాను
ముక్కు నుంచి తోక దాకా.
కాల్యో లోపలివైపు వేళ్ళు ఆనించి కూర్చున్నాడు.
టిక్. టిక్. టిక్.
నాకంతా ఒకటే.
కుడివైపు, వెనకగోడకి జానెడు ముందు,
ఆయన కళ్ళు మూసుకున్నాడు.
"మళ్ళీ."
టిక్.
"ఇక్కడ."
పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు.
చెవులున్నవాణ్ణి, నాకు వినపడలేదు.
ఊపిరి బిగబట్టి మళ్ళీ తట్టాను.
అప్పుడు, అవును, ఒక్క పిసరు,
సామాన్లు తీసేసిన గదిలో
ఎవరో తలుపు వేసినట్టు.

సూదిమొనంత రంధ్రం పెట్టి
సిరంజితో జిగురు ఎక్కించాం.
అది లోపల పాకుతుంటే
ఇద్దరం మాట్లాడలేదు.

మే నెల పందెంలో నాలుగో వచ్చాం.
ఐదో చుట్టులో బోల్తా కొట్టింది.
తెడ్డు పడవ వేసుకెళ్ళి తెచ్చి మూత తీస్తే
లోపల ఓ చెంచాడు నీళ్ళు.
గెలిచిన లాత్వియా కుర్రాడు
మా పడవని రెండు చేతులా ఎత్తి చూసి
మళ్ళీ జాగ్రత్తగా దించాడు. ఏమీ అనలేదు.
అది చాలు నాకు.

నాణెం కాల్యో జేబులోనే ఉండిపోయింది.
దాంతో రొట్టె కొనెయ్యొద్దని చెప్పాను.
పడవని తుడుస్తూ,
నా పెదాలవైపు చూడకుండానే
తలాడించాడు.